మౌనంగా ఏడోసారి నల్లమల దారిలో – నా అనుభవం

నా గొంతు చెడిపోకపోయి ఉంటే నేనీ దారి తొక్కేదాన్నే కాదు.

2019 ఫిబ్రవరి సంగతి. హైస్కూల్లో లెక్కలు చెప్తాను. అప్పటికి పంతొమ్మిదేళ్ళ సర్వీసు. యాభై ఐదు మంది పిల్లలున్న గదిలో వెనక బెంచీ దాకా వినపడేలా అరవడం ఆ పంతొమ్మిదేళ్ళలో బాగానే వచ్చింది గానీ, అలా అరిస్తే గొంతేమవుతుందో నాకెవరూ చెప్పలేదు. ఒకరోజు త్రిభుజాల పాఠం మధ్యలో మాట ఆగిపోయింది. నోరు కదులుతోంది, గాలి తప్ప ఏమీ రావడం లేదు. పిల్లలు ముందు నవ్వారు, తర్వాత భయపడ్డారు. కర్నూల్లో ఈఎన్‌టీ డాక్టరు చూసి స్వరతంతువుల మీద చిన్న బొడిపెలు లేచాయన్నారు. "రెండు వారాలు నోరు తెరవద్దమ్మా. గుసగుసలు కూడా వద్దు, గొంతుకు అదింకా శ్రమ" అన్నారు.

ఆ ఏడే మా వదిన, అంటే మా ఆయన అక్క, శివరాత్రికి శ్రీశైలం నడిచి వస్తానని మొక్కుకుంది. "ఇంట్లో నోరు మూసుకుని కూర్చుంటే పిచ్చెక్కుతుంది. అదేదో నాతో నడుస్తూ మూసుకో" అంది. నడిచాను. గొంతు బాగైంది. అలవాటు మాత్రం ఉండిపోయింది. 2021లో కరోనా భయంతో మేమే మానుకున్నాం. అదొక్కటి తప్ప ప్రతి ఏడూ వెళ్ళాం. ఈ 2026 ఫిబ్రవరితో ఏడోసారి.

స్టాఫ్‌రూమ్‌లో ఎవరికి చెప్పినా "అబ్బ, అడవిలో మూడు రోజులు మౌనం, ఎంత ప్రశాంతంగా ఉంటుందో!" అంటారు. వాళ్ళ ఊహకూ అక్కడ జరిగేదానికీ చాలా దూరం. అందుకే ఈసారి గడియారం చూసుకుని రాసుకున్నాను, నాకు నిజంగా నిశ్శబ్దం అనిపించింది ఎన్ని నిమిషాలో. లెక్కల టీచర్ని కదా. మూడు రోజులకు కలిపి గంటా నలభై ఐదు నిమిషాలు తేలింది. ఇంకో పాతిక నిమిషాలు ఏ ఖాతాలో వేయాలో ఇప్పటికీ తెలియడం లేదు. అది వచ్చినప్పుడు చెప్తాను.

ఈ ఏడు శివరాత్రి ఫిబ్రవరి 15, ఆదివారం. సరిగ్గా శివరాత్రికి చేరేట్టు నడిస్తే దారంతా జనమే, అడుగు తీసి అడుగు వేయడానికి ఉండదు. మేము ఎప్పుడూ రెండు మూడు రోజులు ముందే వెళ్ళిపోతాం. 11, 12, 13 తేదీలకు మూడు సీఎల్‌లు (క్యాజువల్ లీవులు) పెట్టాను. 14 రెండో శనివారం కలిసొచ్చింది. మార్చిలో పదో తరగతి పరీక్షలు పెట్టుకుని లెక్కల టీచరు సెలవంటే హెడ్మాస్టరు ముఖం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. జనవరిలోనే అడిగాను, సంతకం పెట్టడానికి పన్నెండు రోజులు పట్టింది. ఆ పన్నెండు రోజుల టెన్షన్ ముందు దారిలో వచ్చే భీముని కొలను లోయ మెట్లు ఏపాటి!

జనం వద్దనుకుంటే మామూలు రోజుల్లో వెళ్ళొచ్చు కదా అని అడుగుతారు. వెళ్ళనివ్వరు. ఇది నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం. కాలినడక భక్తులకు దారి వదిలేది శివరాత్రికీ, మళ్ళీ కన్నడ భక్తులు పెద్ద ఎత్తున వచ్చే ఉగాదికీ. ఆ కొద్ది రోజుల్లోనే, ఆ గుంపుల మధ్యే మన ఏకాంతం వెతుక్కోవాలి.

11న, బుధవారం, తెల్లవారి ఐదుంబావు బస్సుకు నంద్యాలలో బయల్దేరాం. నేను, వదిన, వదిన కొడుకు, వాళ్ళ వీధిలో ఉండే పెద్దాయన ఒకరు. పెద్దాయనకు అరవై ఎనిమిదేళ్ళు. ఇది ఎన్నోసారి అని అడిగితే "లెక్క పెడితే మల్లన్నకు కోపం" అంటాడు. ఆడవాళ్ళకు ఇప్పుడు బస్సు ఉచితం కాబట్టి నాకూ వదినకూ సున్నా టికెట్లు. దానికి తగ్గట్టే బస్సులో నిలబడటానికీ చోటు లేదు. ఆత్మకూరులో దిగేసరికి ఏడున్నర. ఇడ్లీ తిని, మనిషికి నలభై ఇచ్చి ఆటోలో వెంకటాపురం చేరాం. అక్కడి నుంచే నడక.

చెక్‌పోస్టు దగ్గర సంచులు విప్పించారు. యాభై నిమిషాలు లైన్లో నిలబడ్డాం. అగ్గిపెట్టె, లైటరు, ప్లాస్టిక్ కవర్లు, ఏవీ లోపలికి పోనివ్వరు. ఫిబ్రవరికి అడవంతా ఎండుటాకు. ఒక్క బీడీ ముక్క చాలు. ఈ సంగతి తెలిసి నేను తినేవన్నీ గుడ్డ సంచుల్లో కట్టుకున్నాను. వదిన మాత్రం ప్రతి ఏడులాగే మరిచిపోయి బిస్కెట్ ప్యాకెట్లు తెచ్చింది. అక్కడే కవర్లు చించి బిస్కెట్లన్నీ చీరకొంగులో మూట కట్టుకుంది. సాయంత్రానికి అవి పిండి అయ్యాయి, ఆ పిండినే మజ్జిగలో కలుపుకుని తాగింది.

చెక్‌పోస్టు దాటగానే నా మౌనం మొదలు. కొండపైన అడవి మెట్లు ముగిసే కైలాసద్వారం ఎక్కేదాకా. మెడలో చిన్న అట్టముక్క వేలాడుతుంది, "మౌనంలో ఉన్నాను" అని. అట్ట లేకుండా నడిచిన మొదటి ఏడు, పలకరిస్తే పలకడం లేదని ఒకావిడ నన్ను పొగరుబోతు కింద జమకట్టి కిలోమీటరు దూరం తిడుతూ నడిచింది. అట్ట ఉంటే ఇంకో రకం తిప్పలు. చదివినవాళ్ళు సగం మంది నాకు చెవుడని కూడా అనుకుని గట్టిగా అరిచి మాట్లాడతారు. ఈసారి ఒక ముసలమ్మ నన్ను మూగదాన్ని అనుకుని చేతిలో పది రూపాయలు పెట్టి, గడ్డం పుణికి వెళ్ళిపోయింది. తిరిగి ఇవ్వాలంటే నోరు విప్పాలి. ఆ నోటు తీసుకెళ్ళి మల్లన్న హుండీలో వేశాను.

అన్నిటికంటే వింతైన సంగతి, మాట్లాడని మనిషి కనిపిస్తే జనం తమ గుండెలో ఉన్నదంతా చెప్పుకుంటారు. గద్వాల వైపు నుంచి వచ్చిన ఒకావిడ నా పక్కన గంటన్నర నడిచింది. కొడుకు ఇల్లు అమ్మేసిన సంగతి, కోడలి నగల సంగతి, తన కడుపులో గడ్డ ఉందని ఇంట్లో ఎవరికీ చెప్పని సంగతి. నేను తల ఊపడం తప్ప ఏం చేయగలను? చివర్లో "నీతో మాట్లాడితే బాగుందమ్మా" అని చెంగు దులుపుకుని ముందుకు వెళ్ళిపోయింది. ఆ గడ్డ ఆరోజంతా నా కడుపులో ఉన్నట్టే ఉండింది.

మొదటిరోజు మనసు ఊరుకోదు. ఇది ఏడేళ్ళుగా చూస్తున్నా. నోరు మూస్తే లోపల రేడియో మొదలవుతుంది. ఒక సబ్బు ప్రకటన పాట, జీతం బిల్లు, గ్యాస్ బుక్ చేశానా లేదా, తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల ఈమధ్య ఎందుకు మొహం వేలాడేసుకుని ఉంటోంది, ఇలా. వాటి అడుగున తమ్ముడు. మూడేళ్ళుగా వాడితో మాటల్లేవు. అమ్మ ఉన్న ఇంటి విషయంలో గొడవ వచ్చింది. వాడన్నది తప్పే, నేనన్నది మరీ తప్పు. నడుస్తున్నంతసేపూ వాడితో వాదిస్తూనే ఉంటాను. ప్రతిసారీ నేనే గెలుస్తాను. గెలిచిన కాసేపటికి మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది.

మొదటి మజిలీ నాగలూటికి ఇంకా గంట దూరం ఉందనగా ఒక తపసి చెట్టు కింద కూర్చున్నాం. ఈ కాలంలో దానికి ఒక్క ఆకు ఉండదు. తెల్లగా, నున్నగా, సున్నం కొట్టిన స్తంభంలా నిలబడి ఉంటుంది. దాని జిగురు చెంచులు సేకరిస్తారు. వదిన నిద్రపోయింది. దారి మీద గుంపులేవీ రాలేదు. దూరంగా టేకాకులు ఒక్కొక్కటే రాలుతున్నాయి. అప్పడం విరిగినట్టు చప్పుడు. ఒకటి రాలాక రెండోది ఎప్పుడు రాలుతుందా అని చెవి ఎదురుచూస్తుంటుంది. ఇరవై నిమిషాలు. తర్వాత ఇరవై మంది కుర్రాళ్ళు ఫోన్లో పాటలు పెట్టుకుని వచ్చారు.

మధ్యాహ్నం రెండు ప్రాంతంలో నాగలూటి చేరాం. వీరభద్రుడి గుడి, పక్కనే దాతలు పెట్టిన అన్నదానం. విస్తట్లో వేడి వేడి పప్పన్నం, గోంగూర, మజ్జిగ. ఆ ఆకలికి దాని రుచి చెప్పడం నావల్ల కాదు. పైసా అడగరు. రాత్రి అక్కడే పడుకున్నాం. పడుకున్నాం అంటే నడుం వాల్చాం. జనరేటరు ఒకవైపు, మైకులో భజన ఇంకోవైపు, రాత్రి ఒంటిగంట దాకా. అడవిలో మొదటి రాత్రికి మీతో తీసుకెళ్ళాల్సిన ముఖ్యమైన వస్తువు దూది. టార్చిలైటు కూడా దాని తర్వాతే.

12న ఉదయం ఐదున్నరకే మెట్లెక్కాం. ఈ దారి మెట్లను 14వ శతాబ్దంలో రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి కట్టించాడని చెప్తారు. ఆయన కాలం మనుషుల అంగ పెద్దదేమో, కొన్ని మెట్లు నా మోకాలెత్తు ఉన్నాయి. ఎక్కి పైకొచ్చాక దారి చదునుగా సాగుతుంది. ఇక్కడి నుంచి మోదుగులు. ఎక్కడ చూసినా ఎండిన కొమ్మలకు ఎర్రటి పూల గుత్తులు. కొండముచ్చులు వాటి మీద కూర్చుని పూలు తెంపి సగం తిని సగం మన నెత్తిన వేస్తాయి.

అరికాళ్ళ సంగతి ఇక్కడ చెప్పాలి. చాలామంది కొత్త బూట్లతో వచ్చి రెండోరోజుకే వాటిని చేతిలో పట్టుకుని కుంటుతారు. పెద్దాయన చెప్పిన చిట్కా నాకు ఏడేళ్ళుగా పనిచేస్తోంది. బయల్దేరేముందు వేళ్ళ సందుల్లో ఆముదం రాసి, పల్చటి మేజోళ్ళు రెండు జతలు ఒకదాని మీద ఒకటి వేసుకోవడం, పాత బూట్లతో రావడం. బొబ్బలు రావని కాదు, తక్కువ వస్తాయి. నీళ్ళకు రెండు లీటర్ల స్టీలు సీసా. మజిలీల్లో నీళ్ళ ట్యాంకులు ఉంటాయి గానీ మధ్యలో దొరకవు. అందుకని తక్కువ తాగి నడుస్తారు ఆడవాళ్ళు చాలామంది. అసలు కారణం నీళ్ళు లేకపోవడం కాదు, వెళ్ళడానికి మరుగు లేకపోవడం. దారిలో ఇది అందరికీ తెలిసిన కష్టమే, ఎవరూ పైకి చెప్పరు. మేము గుంపుగా తెల్లవారి నాలుగున్నరకే చీకట్లో వెళ్ళొస్తాం, ఒకరికొకరం కాపలా.

దామర్లకుంట దాటాక నేను కావాలని వెనకబడ్డాను. ముందు గుంపుకూ వెనక గుంపుకూ మధ్య ఖాళీ పట్టుకోవడం ఒక విద్య. వేగం పెంచినా తగ్గించినా ఎవరో ఒకరు తగులుతారు. ఈసారి ఖాళీ బాగా దొరికింది, నలభై ఐదు నిమిషాలు. మేనల్లుడు కేక వేస్తే అందేంత దూరంలో ఉండాలని మా మధ్య ఒప్పందం. ఎలుగుబంట్లు తిరిగే అడవిది, మౌనం పేరు చెప్పి తప్పిపోవడం తెలివితక్కువతనం. మొదటి పావుగంట మళ్ళీ తమ్ముడే. తర్వాత ఎప్పుడు ఆగిపోయిందో గమనించలేదు. నా అడుగుల చప్పుడే చాలాసేపు విన్నాను. ఎండుటాకు మీద ఒక చప్పుడు, రాయి మీద ఒకటి, మట్టి మీద అసలు ఉండదు. మట్టి వచ్చినప్పుడల్లా నేను లేనేమో అనిపించేది. ఇది రాస్తుంటే పెద్ద వేదాంతంలా ఉంది గానీ అక్కడ అలా లేదు, సరదాగా ఉండింది.

మొదట్లో కాగితం ముక్కల మీద రాసి చూపించేదాన్ని. 2020లో ఒక నోట్‌బుక్ సగం అయిపోయింది. "రాయడం కూడా వాగుడే కదే" అని వదిన నోట్‌బుక్ లాక్కుంది. అప్పటి నుంచి దారిలో పెన్ను తీయలేదు, ఈసారి నిమిషాలు రాసుకోవడానికి తప్ప. ఏటా ఒక్కటి మాత్రం రాస్తాను, మౌనం వదిలాక నోట్లోంచి వచ్చిన మొదటి మాట. 2019లో "నీళ్ళు". 2020లో "ఎంత?", జీపు అతనితో. 2022లో "చార్జర్ ఉందా". 2023లో "హమ్మయ్య". 2024లో "నా చెప్పులు". 2025లో మళ్ళీ "ఎంత?". మూడు రోజుల తపస్సు తర్వాత నా నోట్లోంచి ఊడిపడ్డ ముత్యాలివి.

సాయంత్రం నాలుగున్నరకు పెద్దచెరువు. చెంచుగూడెం, చెరువు, చుట్టూ గుడారాలు, పొయ్యిల పొగ. గూడెం ఆడవాళ్ళు నిమ్మకాయ నీళ్ళు అమ్ముతున్నారు, గ్లాసు ఇరవై. చెంచులకు మల్లన్న అల్లుడు. వాళ్ళ పిల్లను చేసుకున్నాడని కథ. "మా అల్లుని కాడికి పోతాండారా?" అని నిమ్మకాయ నీళ్ళమ్మే పెద్దావిడ నవ్వింది. ఆ రాత్రి మైకు పదింటికే ఆగింది. ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను.

13 తెల్లవారి నాలుగున్నరకు అందరం లేచి వెళ్ళొచ్చాక మిగతావాళ్ళు మళ్ళీ దుప్పట్లు కప్పుకున్నారు. నేను చెరువు గట్టుకు వెళ్ళి కూర్చున్నాను. అప్పుడు సమయం ఐదూ యాభై. తూర్పున తరిగిపోయిన చంద్రవంక, గోరు గీసినట్టు. నీళ్ళ మీద పల్చటి పొగ. చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి. ముందు అడవికోడి కూసింది, ఊరి కోడికి గొంతు పట్టేస్తే ఎలా కూస్తుందో అలా. నా గొంతు గుర్తొచ్చి నవ్వొచ్చింది. తర్వాత అవతలి గట్టు నుంచి నెమలి. ఒక చేప ఎగిరి పడింది. ఆ వలయాలు తామరాకుల దాకా వచ్చి ఆగిపోయాయి. కాళ్ళ దగ్గర బురదలో గిట్టల గుర్తులు, రాత్రి ఏవో నీళ్ళకు వచ్చి వెళ్ళినట్టున్నాయి. మేము నిద్రపోతున్న చోటికి నలభై అడుగులు కూడా ఉండదు.

వెలుగు వస్తుంటే నీటికోళ్ళు కనిపించాయి. లెక్క పెట్టడం మొదలుపెట్టాను, వృత్తి దోషం. పదిహేడు దాకా వచ్చేసరికి రెండు మునిగాయి. మళ్ళీ మొదటి నుంచి. పద్నాలుగు దగ్గర ఇంకోటి వచ్చి చేరింది. మూడోసారి తొమ్మిదో పదో దగ్గర లెక్క తప్పింది. మళ్ళీ మొదలుపెట్టలేదు. నలభై నిమిషాలు అయ్యాయని తర్వాత గడియారం చూస్తే తెలిసింది. ఆ సమయంలో ఏం ఆలోచించావని అడిగితే చెప్పడానికి ఏమీ లేదు. తమ్ముడితో రాజీ పడాలన్న జ్ఞానం కూడా ఏమీ కలగలేదు. వాడు ఆ నలభై నిమిషాల్లో అసలు గుర్తు రాలేదు, అంతే. లేచి నడుస్తుంటే మళ్ళీ వచ్చి పక్కన చేరాడు.

మఠం బావి దగ్గర టిఫిన్ చేశాం, ఎవరో దాతలు ఉప్మా పెట్టారు. అక్కడి నుంచి భీముని కొలనుకు దిగాలి. ఈ దారిలో ఎక్కడం కంటే దిగడమే ప్రమాదం, కొత్తవాళ్ళు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. లోయలోకి నిటారుగా మెట్లు. వాటి మీద ఎండిన వెదురాకులు పరుచుకుని గచ్చు మీద నూనె పోసినట్టు ఉంటుంది. పదీ నలభైకి, వదిన నాకంటే మూడు మెట్లు కింద ఉంది. కర్ర జారింది. మనిషి పక్కకు ఒరిగి, రెండు మెట్లు కూర్చున్నట్టే జారి, కాలు కింద పెట్టుకుని పడింది.

నేను అరిచాను. క్లాసులో ఎప్పుడూ అంత గట్టిగా అరవలేదు. ఆ అరుపు అవతలి కొండకు తగిలి తిరిగొచ్చింది. కొండముచ్చులు కొమ్మల మీద నుంచి దూకి పారిపోయాయి. మేనల్లుడు కింది నుంచి పరిగెత్తుకొచ్చాడు. మౌనం అక్కడితో సరి, కైలాసద్వారం ఇంకా గంటల దూరం ఉండగానే.

చీలమండ నిమిషాల్లో బూరెలా ఉబ్బింది. ఇద్దరం రెండు పక్కలా పట్టుకుని కొలను దాకా దించడానికి గంట పట్టింది. అక్కడ వైద్య శిబిరం ఉంది. స్ప్రే కొట్టి, కట్టు కట్టి, "విరిగినట్టు లేదు, పైకెళ్ళాక ఎక్స్‌రే తీయించండి" అన్నారు. పైకెలా వెళ్ళడం? కొలను నుంచి కైలాసద్వారం దాకా నిలువు ఎక్కుడు. వాహనం వచ్చే దారే లేదు. డోలీ తప్ప గతి లేదు. మోసేవాళ్ళు అప్పటికే ఒకాయన్ని తీసుకుని పైకి వెళ్ళారు, తిరిగి రావాలి. మొత్తం గంటా యాభై నిమిషాలు ఎదురుచూశాం.

భీముడు ద్రౌపది దాహం తీర్చడానికి గదతో కొట్టిన చోట నీళ్ళు ఊరాయని ఆ కొలనుకు కథ. వదినకు ఈ కథ ప్రతి ఏడూ ఎవరికో ఒకరికి చెప్పందే తోచదు. ఈసారి చెప్పలేదు. ఒక బండకు ఆనుకుని కూర్చుంది, కాలు నా ఒళ్ళో పెట్టింది. మేనల్లుడు, పెద్దాయన డోలీ కోసం పైకి పోయారు. నాకు మాట్లాడటానికి ఇప్పుడు అడ్డేమీ లేదు, ఎలాగూ వ్రతం చెడింది. అయినా మాట రాలేదు. ఆమెకూ రాలేదు. ఇరవై ఆరేళ్ళలో నోరు మూసుకున్న మా వదినను నేను చూడటం అదే మొదలు. నొప్పి అనుకున్నా. నొప్పి తగ్గాక కూడా అలాగే ఉంది. గుంపులు వస్తున్నాయి, పోతున్నాయి, "హర హర మహాదేవ" అంటున్నారు, ఒకాయన మా ముందే శంఖం ఊదాడు. అయినా ఏదీ మా దాకా రానట్టే ఉంది. పాతిక నిమిషాలు. దీన్ని నా లెక్కలో వేసుకోవచ్చా? అడవి చప్పుళ్ళేవీ వినలేదు, పక్షులను చూడలేదు, నియమం తప్పింది. వేస్తే రెండు గంటలా పది నిమిషాలు.

డోలీ అంటే వెదురు బొంగుకు కట్టిన దుప్పటి. మోసింది నలుగురు కుర్రాళ్ళు. 3,500 అడిగారు. బేరం ఆడదామని మేనల్లుడు నోరు తెరవబోతే పెద్దాయన ఆపాడు. పైకి చేరడానికి గంటా నలభై నిమిషాలు పట్టింది. రెండుసార్లు భుజాలు మార్చుకోవడానికి ఆగారు. వాళ్ళలో చిన్నవాడి కాళ్ళకు చెప్పులు లేవు. ఆ మెట్ల మీద, మనిషిని మోస్తూ. పైకొచ్చాక ఇంకో ఐదొందలు ఇచ్చాం. ఇచ్చినందుకు గొప్పగా కాదు, సిగ్గుగానే అనిపించింది.

కైలాసద్వారం దగ్గర సిగ్నల్ వచ్చి ఫోను వణికిపోయింది. స్కూలు గ్రూపులో 143 మెసేజ్‌లు. పదో తరగతి స్లిప్ టెస్ట్ పేపర్ ఎక్కడ పెట్టారు మేడం అని పదకొండు. తమ్ముడి నుంచి ఏమీ లేదు. ఎందుకుంటుంది?

జీపులో శ్రీశైలం చేరి, ఎక్స్‌రే తీయిస్తే ఎముక విరగలేదు, నరం పట్టేసింది, మూడు వారాలు కాలు కింద మోపొద్దన్నారు. ఎక్స్‌రే, మందులు కలిపి 1,150 అయింది. మామూలుగా ఈ నడకకు మనిషికి వెయ్యి దాటదు. తిండి ఖర్చు ఉండదు, బస్సుకు మాకు ఖర్చు లేదు. ఈసారి మా నలుగురికీ కలిపి ఎనిమిది వేలు దాటింది. నగదు దగ్గర పెట్టుకోండి. లోయలో ఫోన్ పే పనిచేయదు.

14న దర్శనం. బ్రహ్మోత్సవాల రోజుల్లో మామూలు భక్తులకు లింగాన్ని తాకే స్పర్శ దర్శనం ఉండదు, చూసి దండం పెట్టుకునే అలంకార దర్శనమే. ఉచిత లైన్లో ఐదు గంటలా ఇరవై నిమిషాలు నిలబడితే లింగం ముందు ఊపిరి పీల్చేంత సమయం. కదలండి, కదలండి. ముసలమ్మ ఇచ్చిన పది రూపాయలు హుండీలో వేసి బయటపడ్డాను. వదిన సత్రంలోనే ఉండిపోయింది. "నడిచి వస్తానన్నా గానీ చూస్తానని మొక్కలేదులే" అంది. సాయంత్రం బస్సు పట్టుకుంటే, శివరాత్రికి ఎదురొచ్చే బండ్లతో ఘాట్ రోడ్డు నిండిపోయి, నంద్యాల చేరేసరికి ఏడు గంటలు పట్టింది.

16న, సోమవారం, స్కూలుకు వెళ్ళాను. మొదటి పీరియడ్‌లో అరవబోతే గొంతు బొంగురుగా వచ్చింది. ఒక్క అరుపుకే. సాయంత్రం వదినను చూడటానికి వెళ్ళి, అక్కడే నోట్‌బుక్ తీసి 2026 ఎదురుగా ఈసారి మొదటి మాట రాశాను, "వదినా!" అని. మంచం మీద నుంచి తొంగి చూసింది.

"అదేంటే, అబద్ధం రాస్తున్నావ్."

"ఏం అబద్ధం?"

"నువ్వు వదినా అనలేదు. అక్కా అని అరిచావు."

నాకు గుర్తులేదు. మేనల్లుడి వైపు చూశాను. వాడు ఫోన్లోంచి తలెత్తకుండానే, "అవునత్తా, అక్కా అనే అరిచావు. రెండుసార్లు" అన్నాడు.

కొట్టేసి మళ్ళీ రాశాను.